సూది చప్పుడు ఆగితే

ఆ వీధిలో అందరూ ఆమెను బ్యాడ్జీల అక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అక్కే అంటారు. ఆమె పట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. బడిపిల్లల చొక్కాల మీద బడి గుర్తు, నర్సుల కోటు జేబు మీద పేరు, హోటల్ తువ్వాళ్ళ అంచున రెండక్షరాలు, ఆటల జట్ల టోపీల మీద పులి. పులే ఎందుకంటే ఏ జట్టు వచ్చినా పులే కావాలంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరైనా వచ్చి మాకు కుందేలు కుట్టిపెట్టమని అడగలేదని, అడిగితే ఊరికే కుట్టిపెడతానని ఆమె అంటూ ఉంటుంది.

ఇంటి ముందుగదిలో ఆమె ఎంబ్రాయిడరీ మెషిన్ ఉంది. బీరువాను పక్కకు పడుకోబెట్టినంత ఉంటుంది. అది కుడుతున్నంతసేపూ ఆమె దానికి వీపు పెట్టి కూర్చుని, అయిపోయిన బ్యాడ్జీల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తుంది. తిరిగి చూడాల్సిన పని లేదు. రంగు మారేటప్పుడు ఒక చప్పుడు, దారం అయిపోవస్తే ఒక చప్పుడు, గుడ్డ వదులైతే ఇంకో చప్పుడు. వచ్చినవాళ్ళతో ఎన్ని కబుర్లు చెప్పినా చెవి మాత్రం అక్కడే వేసి ఉంచుతుంది.

ఆమె భయపడేది ఒక్కదానికే, చప్పుడు ఆగిపోవడానికి. ఆగకూడని చోట ఆగిందంటే సూది గుడ్డలో ఇరుక్కుందని అర్థం. మోటారు మాత్రం తిరగాలని లోపల గింజుకుంటూనే ఉంటుంది. కాసేపు వదిలేస్తే సూది విరుగుతుంది, ఇంకాసేపు వదిలేస్తే మోటారు మాడుతుంది. పెళ్ళికి ముందు చేరిన కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే. ముందు కరెంటు కట్టెయ్యి, తర్వాత ఆలోచించు. ఆమె ఎంత బాగా నేర్చుకుందంటే, ఇప్పుడు ఆలోచించే పనే లేదు. చప్పుడు ఆగగానే కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి పక్కనున్న స్విచ్చి బోర్డు మీద పడుతుంది. బస్సు డ్రైవరుగా చేసే ఆమె భర్త దీని మీద ఒక జోకు కట్టాడు. "నేను గురక ఆపితే చాలు, ఈవిడ చెయ్యి గోడ మీద స్విచ్చి కోసం వెతుకుతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. అందులో అబద్ధం కొంచెమే.

ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఎవరికి దొరికిన సామాను వాళ్ళు కొనుక్కుపోతుంటే, ఆమె తను నడిపిన మెషిన్‌నే తెచ్చుకుంది. దానితో పాటు నల్లటి లావుపాటి ల్యాప్‌టాప్ ఒకటి వచ్చింది. మెషిన్‌కు బలమే తప్ప బుర్ర లేదు. ఏ కుట్టు ఎక్కడ పడాలన్నది ల్యాప్‌టాప్ నుంచి ఒక లావు కేబుల్ ద్వారా దానికి అందాలి. ఆ కేబుల్ పట్టే పోర్టు కొత్త ల్యాప్‌టాప్‌లకు ఉండదు. బొమ్మలు పంపే ప్రోగ్రాము కూడా కొత్తవాటిలో నడవదు. కాబట్టి ఆ ముసలి ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్ళే అది మెషిన్, ల్యాప్‌టాప్ పోతే ఇనుప సామాను. మూత ఒక పక్క విరిగితే టేపుతో అతికించుకున్నారు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఛార్జర్ గోడకు తగిలించి ఉంటేనే పనిచేస్తుంది. ఛార్జర్, మెషిన్ రెండూ ఒకే స్విచ్చి మీద ఉండేవి, ఆమె కుడిచెయ్యి పడే చోట.

ఇక తమ్ముడి సంగతి. అతనికి పెట్టిన పేరు వేరు, ఇంట్లో పిలిచే పేరు రిపేరు. చిన్నప్పుడు ఆగిపోయిన గోడగడియారాన్ని విప్పి, మళ్ళీ బిగించి, రెండు మరలు మిగిల్చాడు. గడియారం నడిచింది కానీ గంటలు మాత్రం తనకు తోచినప్పుడు కొట్టేది. ఆ తర్వాత రేడియో, ఇస్త్రీపెట్టె, అన్నయ్య సైకిలు. నిజానికి వాటిలో సగానికి సగం బాగుపడ్డాయి. బాగుపడ్డవాటి గురించి ఎవరు చెప్పుకుంటారు? ఇంట్లో ఏం పాడైనా, అతను ఆ చుట్టుపక్కల లేకపోయినా సరే, "రిపేరు గానీ వచ్చి వెళ్ళాడా?" అని అడుగుతుంది అమ్మ. అన్నయ్య పిల్లలైతే రిపేరు బాబాయ్ అనే పిలుస్తారు. అతనూ నవ్వుతాడు. నవ్వక ఏం చేస్తాడు.

అక్క ఒక్కతే తన మెషిన్‌ను అతని చేతిలో పెట్టింది. కేబుల్ తెగితే అతికించింది అతనే. పులిని ఎడమకు తిప్పడం, కుడికి తిప్పడం, అక్షరాలు చిన్నవి చేయడం ఆమెకు నేర్పింది అతనే. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు ఏ పేటవి ఆ పేటకు విడదీసే పని అతనిది. రోజంతా నిలబడి, నడుం పట్టేసి, ఆదివారం వస్తే అక్క ఇంటికి వచ్చేవాడు. "స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చేది ఈ ఇంట్లోనే అక్కా" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు కొంచెం గర్వంగా, కొంచెం జాలిగా ఉండేది.

ఆ మధ్య ల్యాప్‌టాప్‌కు లేవడం కష్టమైంది. మీట నొక్కితే ఫ్యాను గిర్రున తిరిగేది, తెర మాత్రం నల్లగా ఉండిపోయేది. ఆపి మళ్ళీ నొక్కాలి. ఒక్కోసారి లేచినా తారీఖు ఏ కాలానిదో చూపించేది. పొద్దున్నే దాన్ని బతిమాలడం ఆమెకు ఒక పనైపోయింది. తమ్ముడు అలాంటి ల్యాప్‌టాప్‌లే ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో రాసుకున్న గోడునంతా చదివి, బయోస్ అప్‌డేట్ చేస్తే ఈ బాధ పోతుందని తేల్చాడు.

"బయోస్ అంటే ఏంట్రా?" అంది ఆమె.

"ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి లాంటిదక్కా. అది లేచి, డిస్క్ ఎక్కడుంది, కీబోర్డు ఎక్కడుంది చూసుకుని మిగతావాళ్ళని లేపుతుంది. అది లేవకపోతే ఇంట్లో ఎవరూ లేవరు."

"అంటే నాలాంటిదన్నమాట."

"నీలాంటిదే. ఒక చిన్న చిప్‌లో ఉంటుంది. కొత్తగా రాసిన బయోస్‌ని అందులోకి ఎక్కిస్తాను."

తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌ను ఎప్పుడో వదిలేసింది. ఆ ఫైలు వాళ్ళ దగ్గరే లేదు. ఎక్కడో ఎవరో దాచిపెట్టిన దాన్ని తమ్ముడు వెతికి పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్ బోర్లించి అడుగున ఉన్న నంబరును ఆమె ఒక్కో అక్షరం చదువుతుంటే, అతను ఫైలుతో సరిచూసుకున్నాడు. బ్యాటరీలో ఛార్జి లేనిదే అప్‌డేట్ చేయనని అది మొండికేసింది. ఆ తనిఖీని దాటించే దారి కూడా అతను చదివే వచ్చాడు. "కరెంటు ఎక్కడికి పోతుందిలే" అని దాటించేశాడు.

మొదలుపెట్టాక ఆమె వైపు తిరిగి, "అక్కా, ఇది అయ్యేదాకా ముట్టుకోకు. తెర నల్లబడినా సరే, ఏమైనా సరే" అన్నాడు. అంతలో అతని ఫోను మోగింది. ఆఫీసు నుంచి. గదిలో మాట సరిగా వినబడక మెట్ల మీదకు వెళ్ళాడు.

ఆమె అలవాటుగా మెషిన్‌కు వీపు పెట్టి కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. వెనక ల్యాప్‌టాప్ ఫ్యాను ఎప్పుడూ లేనంత గట్టిగా తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆగింది. గది మూగబోయింది. టక్కుమని స్విచ్చి పడింది.

ఆ టక్కుమన్నది తన చేతి కిందేనని ఆమెకు ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. వెంటనే మళ్ళీ వేసింది. ల్యాప్‌టాప్ అంచున చిన్న దీపం వెలిగింది, అంతే. ఫ్యాను కదల్లేదు, తెర వెలగలేదు.

తమ్ముడు వచ్చాడు. తెర వైపు చూసి, మీట నొక్కి, మళ్ళీ నొక్కి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఫైలు తప్పయి ఉంటుందక్కా. చివరి అక్షరం ఒక్కటే తేడాతో రెండు మోడళ్ళున్నాయి. రెండోదాని ఫైలు తెచ్చినట్టున్నాను. నేనే. నేనే సరిగా చూసుకోలేదు."

ఆమె చెప్పాలనే నోరు తెరిచింది. కానీ అతను అప్పటికే తప్పంతా నెత్తిన వేసేసుకున్నాడు. ఆ క్షణంలో ఆమెకు హాయిగా అనిపించింది. తర్వాత ఆ హాయిని ఎన్నిసార్లు గుర్తు రానివ్వకూడదనుకున్నా అదే ముందు గుర్తొచ్చేది. కాసేపాగి చెబుదాం అనుకుంది. కాసేపాగేసరికి అతను సంచీ సర్దుకుని వెళ్ళిపోతున్నాడు. రేపు చెబుదాం అనుకుంది.

మర్నాడు అమ్మ ఫోను చేసింది. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. "తెలిసి తెలిసి వాడి చేతికిచ్చావటే?" అంది. వెనక నుంచి అన్నయ్య, "ఆ మెషిన్‌ని కూడా వాడికే అప్పగించు, ఒకేసారి పీడా వదులుతుంది" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక తను ఎందుకు నవ్విందో ఆమెకే అర్థం కాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మెషిన్ మీద దుప్పటి కప్పింది. బడి బ్యాడ్జీల పని పక్కవీధిలో కొత్త మెషిన్ పెట్టినవాడికి వెళ్ళిపోయింది. టోపీల వాళ్ళు కొన్నాళ్ళు చూసి వాళ్ళూ పోయారు. పని లేకపోయినా ఆమె పొద్దున్నే వెళ్ళి ముందుగదిలో కూర్చునేది. ఇంకో మెషిన్ కొనే వయసు కాదు, ఇంకో పని నేర్చుకునే వయసూ కాదు. ల్యాప్‌టాప్ చూసిన ఒక దుకాణంవాడు దీన్ని అద్దాల పెట్టెలో పెట్టుకోమన్నాడు. ఇంకొకడు తెరిచి కూడా చూడలేదు. వీటన్నిటికంటే ఆమెను కుంగదీసింది ఆదివారాలు. తమ్ముడు రావడం మానేశాడు. ఫోను చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాడు. వాడికి చెప్పాలని ప్రతిసారీ అనుకునేది, చెప్పని ప్రతిరోజూ చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది. మింగలేక కక్కలేక ఆమె రోజులు దొర్లించింది.

పేరు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక నర్సు, బోర్డులు మాత్రమే బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడని చెప్పింది. ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ తమ్ముడి దగ్గర ఉంది కాబట్టి అక్క అతన్నీ రమ్మంది. అతను వచ్చాడు.

మెకానిక్ షాపు మందులషాపు పైన ఒక ఇరుకు గది. ఆయన నుదుటి మీద ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఇంకో కళ్ళజోడు. ముందు ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. జ్వరంతో వచ్చినవాళ్ళను అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు. "అప్‌డేట్ మధ్యలో ఆగిందా, పూర్తయ్యాక లేవలేదా?"

"పూర్తయ్యే ఉంటుందండి" అన్నాడు తమ్ముడు. "ఆ టైముకి నేను బయటున్నాను. కానీ తప్పు ఫైలు ఎక్కించాను. అది మాత్రం ఖాయం."

"ఆ ఫైలు తెచ్చారా?"

తమ్ముడు పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు. "తెచ్చాను. కానీ దీన్ని మళ్ళీ వాడకండి."

మెకానిక్ ఆమె వైపు తిరిగాడు. "చూడండమ్మా. ఈ చిప్‌లో ఒక మూల చిన్న భాగం విడిగా ఉంటుంది. మిగతాదంతా చెడినా ఆ మూల బాగుంటే చాలు, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు తీసుకుని తనంతట తనే మళ్ళీ రాసుకుంటుంది. రెండు మీటలు నొక్కి పట్టుకోవడమే మన పని. కానీ ఫైలు తప్పయితే ఆ మూల కూడా పోతుంది. ఆ తర్వాత నేను చేయగలిగేది లేదు."

"ఇంకో దారి లేదా అండీ?"

"ఉంది. చిప్ ఊడదీసి, బయట రాసి, మళ్ళీ అతికించాలి. సరైన ఫైలు కోసం ఇలాంటిదే ఇంకోటి ఎక్కడైనా దొరకాలి. పైగా బోర్డు ముసలిది. వేడి తగిలితే చిప్‌తో పాటు కింద రాగి గీతలు లేచొస్తాయి. చాలాసార్లు వస్తాయి. వస్తే ఇక బోర్డు లేనట్టే." ఆయన పెన్‌డ్రైవ్‌ను వేలితో తాకాడు. "ఇది మంచి ఫైలా, కాదా? అదొక్కటి తేలితే ఏ దారో చెబుతాను."

"మంచిది కాదండి" అన్నాడు తమ్ముడు. "నా సంగతి మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు." నవ్వబోయి ఊరుకున్నాడు. "మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే పని నాకిస్తామన్నారు. ఆ రోజు వచ్చిన ఫోను అదే. కూర్చుని చేసే పని, నాకు నచ్చిన పని. వద్దని చెప్పేశాను. ఒక ల్యాప్‌టాప్‌ని ఇలా చేసినవాడి చేతిలో ఆఫీసంతా పెడితే ఏమవుతుంది? దారి రెండోదే చూడండి."

ఆ ఉద్యోగం మాట ఆమె వినడం అదే మొదటిసారి. తన ల్యాప్‌టాప్ పోయి తన పని పోయిందని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. ఇక్కడ వీడు తన పనే కాదు, తన మీద తనకున్న నమ్మకం కూడా వదిలేసుకుని కూర్చున్నాడు. ఆమె కొంగు సర్దుకుని, బల్ల వైపు చూస్తూ చెప్పింది.

"ఫైలు మంచిదే. నేను కరెంటు కట్టేశాను."

మెకానిక్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "మధ్యలోనా?"

"మధ్యలోనే. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. మా పనిలో చప్పుడు ఆగితే కట్టెయ్యాలి. చెయ్యి వెళ్ళిపోయిందండీ. వీడు మెట్ల మీదున్నాడు. మళ్ళీ వేశాను కానీ అప్పటికే అయిపోయింది. వీడు వచ్చి నాదే తప్పన్నాడు. నేను ఊరుకున్నాను."

తమ్ముడు ఆమె వైపు చూడలేదు. బల్ల మీద పెన్‌డ్రైవ్ వైపే చూస్తూ ఉండిపోయాడు. మెకానిక్ పాపం తెలివైనవాడు, అవసరం లేకపోయినా కీబోర్డు మీద దుమ్ము ఊదుతూ కూర్చున్నాడు. కింద మందులషాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు.

"నంబరు సరిచూశారా?" అన్నాడు మెకానిక్ కాసేపటికి.

"నేను చదివాను, వాడు చూసుకున్నాడు. ఒక్కో అక్షరం" అంది ఆమె.

"అయితే ఇదే పెడదాం." పెన్‌డ్రైవ్ గుచ్చి తమ్ముణ్ణి పిలిచాడు. "మీరు రండి. ఈ రెండు మీటలూ నొక్కి పట్టుకోండి. నేను ఛార్జర్ పెడతాను. తెర వెలగదు. ఫ్యాను తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది. అదంతట అదే ఆగి లేచేదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

తమ్ముడు ఒక్క క్షణం తటపటాయించి వేళ్ళు పెట్టాడు. మెకానిక్ ఛార్జర్ పెట్టాడు. ఫ్యాను ఒక్కసారిగా గింగిరాలు తిరిగింది. పెన్‌డ్రైవ్ చివర చిన్న దీపం మిణుకుమిణుకుమంది. మెకానిక్ తల ఊపితే తమ్ముడు వేళ్ళు తీశాడు. ముగ్గురూ నల్లటి తెర వైపు చూస్తూ కూర్చున్నారు.

ఫ్యాను ఆగింది.

ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఒళ్ళో అదిమిపెట్టింది. ఆ మౌనం ఎంతసేపుందో ఆమెకు తెలియదు. ఆమె జీవితంలో ఏ చప్పుడు కోసమూ అంత ఆశగా చెవి పెట్టలేదు. అది రాకపోతే తను చెప్పిన నిజం కూడా వీడికి ఎందుకూ కొరగాదని, ఫైలే తప్పని మళ్ళీ అంటాడని భయం వేసింది.

ఫ్యాను తిరిగింది. ఒక చిన్న కూత వినబడింది. తెర మీద కంపెనీ గుర్తు వెలిగింది.

వెలిగినట్టే వెలిగి, మరుక్షణం నీలంగా మారి, తెల్లటి అక్షరాలతో నిండిపోయింది. ఆమె ప్రాణం ఉసూరుమంది. మెకానిక్ మాత్రం కదల్లేదు. "కంగారేం లేదమ్మా. బయోస్ లేచింది కానీ, పాత సంగతులన్నీ మరిచిపోయింది. డిస్క్‌ని కొత్త పద్ధతిలో వెతుకుతోంది. మీ డిస్క్ పాత పద్ధతిది." సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డిస్క్ పద్ధతి మార్చాడు. ఇలాంటప్పుడు చాలామంది డిస్క్ పోయిందనుకుని చెరిపేస్తారని, చెరిపేశాక ఆయన దగ్గరకు వస్తారని చెప్పాడు.

ఆయన సెట్టింగ్స్ నుంచి బయటికి రాబోతుంటే తమ్ముడు, "ఒక్క నిమిషమండీ. ఆ పాత పోర్టు కూడా ఆపేసి ఉంటుందేమో చూడండి. అది లేకపోతే మెషిన్‌కి బొమ్మ వెళ్ళదు" అన్నాడు.

మెకానిక్ చూశాడు. ఆపేసే ఉంది. "బాగా గుర్తు చేశారు. ఇంటికెళ్ళి మళ్ళీ రావాల్సి వచ్చేది" అన్నాడు.

ఈసారి ల్యాప్‌టాప్ పూర్తిగా లేచింది. బడి గుర్తులు, నర్సుల పేర్లు, ఎడమకు చూసే పులులు, కుడికి చూసే పులులు, అన్నీ ఉన్నాయి. ఆమెకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

మెకానిక్ దాన్ని ఆపేసి, అడుగున మూత తీసి, బోర్డు మీద నుంచి నాణెం అంత బ్యాటరీని గోటితో లేపి చూపించాడు. "ఇది చచ్చి ఎన్నాళ్ళయిందో. తారీఖు మరిచిపోవడం, పొద్దున లేవనని మారాం చేయడం, అంతా దీని పుణ్యమే. ఇది మారిస్తే సరిపోయేది. అప్‌డేట్ అక్కర్లేదసలు. పైగా బ్యాటరీ తనిఖీ దాటించి చేశారు చూశారూ, అది మాత్రం మీ తప్పు."

తమ్ముడు నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆమె చూసిన నవ్వు అది. "అయితే నా వంతూ ఉందన్నమాట" అన్నాడు. తను నిజంగా చేసిన తప్పు తన చేతికి వచ్చింది. దాన్ని మోయడం అతనికి కష్టంగా ఉన్నట్టు లేదు.

ఇద్దరూ మెట్లు దిగి బస్టాపుకు వచ్చారు. బెంచీ మీద కూర్చున్నాక తమ్ముడు ల్యాప్‌టాప్ సంచీని గుండెకు ఆనించుకుని అడిగాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు నీదే తప్పన్నావు. నాకు సులువైపోయింది." ఇంతకంటే మంచి కారణం ఆమె దగ్గర లేదు, వెతకనూ లేదు.

"అందరూ నవ్వినా నువ్వు నవ్వవనుకునేవాణ్ణి."

"నవ్వాన్రా."

"తెలుసు. అన్నయ్య చెప్పాడు."

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఫోను తీసి అమ్మకు చేసింది. వీధిలో రొదకు వినబడక స్పీకరు పెట్టింది.

"అమ్మా, ల్యాప్‌టాప్ బాగైంది."

"పోనీలే తల్లీ. ఎవరు చేశారు? వాణ్ణి ముట్టుకోనివ్వలేదు కదా?"

"అమ్మా, విను. అది చెడింది వాడి వల్ల కాదు. మధ్యలో నేను కరెంటు కట్టేశాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. వాడిది మంచి ఫైలే."

అమ్మ మెల్లగా నవ్వింది. ప్రేమగానే నవ్వింది. "వాడు పుట్టినప్పటి నుంచీ నువ్వింతేనే. వాణ్ణి వెనకేసుకు రాకపోతే నీకు ముద్ద దిగదు."

"వెనకేసుకు రావడం కాదమ్మా. నేనే చేశాను."

"సరేలే. వాడు పక్కనే ఉన్నాడా?"

తమ్ముడు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ రోజే చెప్పి ఉంటే అమ్మ తిట్టేది, నమ్మేది. ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడు చెబితే అది ఆమె మంచితనం అయి కూర్చుంది. తను చేసిన తప్పుకి తననే మెచ్చుకుంటున్నారు, వాడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.

"ఉన్నాడమ్మా. వాడు ఉన్నా ఇదే మాట, లేకపోయినా ఇదే మాట" అంది. అమ్మ సరే సరే అని ఫోను పెట్టేసింది.

"వదిలెయ్ అక్కా. వాళ్ళు నమ్మరు" అన్నాడు తమ్ముడు.

"నువ్వు మీ ఆఫీసుకి ఫోను చెయ్యి. ఆ పని ఇంకా ఉందేమో అడుగు. నేను అన్నయ్యకి చేస్తాను."

"అన్నయ్య అసలు నమ్మడు."

"రేపూ చేస్తాను."

తమ్ముడు సంచీ ఆమె ఒళ్ళో పెట్టి, జేబులోంచి ఫోను తీసి నంబరు వెతకసాగాడు. ఈలోగా ఆమె చేసిన ఫోను అన్నయ్య ఎత్తాడు. "ఏంటే, మన రిపేరు మళ్ళీ ఏం చేశాడు?" అన్నాడు నవ్వుతూ.

ఈసారి ఆమె నవ్వలేదు. "వాడు కాదన్నయ్యా, నేను చేశాను" అని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.